లారీ ఈసీఎం పోయిందన్నారా? రిపేరా, కొత్తదా, సెకండ్ హ్యాండా

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు, స్కానర్ పెడితే కలవడం లేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఈ మూడు లక్షణాలు చెబితే చాలు, పక్కన టీ తాగుతున్నవారు కూడా ‘ఈసీఎం పోయింది’ అని తీర్పు చెప్పేస్తారు. ఈసీఎం అంటే ఇంజన్‌కు డీజిల్ ఎప్పుడు, ఎంత వెళ్లాలో నిర్ణయించే కంప్యూటర్ బాక్సు. ఆ వెంటనే సలహాలు మొదలవుతాయి. షోరూంకు తోలించి కొత్తది వేయించమని ఒకరు, బోర్డు విప్పి బాగుచేసే కుర్రాడు ఉన్నాడని ఇంకొకరు, కటింగ్ బండిది (తుక్కుగా విప్పేసిన బండిది) చవగ్గా ఇప్పిస్తానని వేరొకరు, ఈ కంప్యూటర్ల గోలే వద్దు, పాతకాలం పంపు బిగించేయమని మరొకరు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఏడెనిమిదేళ్లు తిరిగిన లారీకి, నీళ్లలో మునగని ఈసీఎం అయితే, ముందు దాన్నే బాగుచేయించాలి. అది కుదరదని తేలితే కొత్తది. సెకండ్ హ్యాండ్ కొన్ని షరతుల మీద మాత్రమే. పంపు మార్పిడి ఊసు వద్దు. అయితే వీటన్నిటికంటే ముందు, పోయింది నిజంగా ఈసీఎమ్మేనా అన్నది తేలాలి. చెడిపోయిందని విప్పి పక్కన పెట్టిన బాక్సుల్లో బాగున్నవి కూడా ఉంటాయి. అలాంటి బండికి కొత్త బాక్సు బిగించినా పాత జబ్బు అలాగే ఉంటుంది.

## ఏ బండ్ల సంగతి

పొగ కాలుష్యానికి ప్రభుత్వం పెట్టిన భారత్ స్టేజ్ (బీఎస్) ప్రమాణాల్లో, దేశమంతటా బీఎస్‌-4 తప్పనిసరి అయింది 2017 ఏప్రిల్ 1న, బీఎస్‌-6 వచ్చింది 2020 ఏప్రిల్ 1న. ఆ మూడేళ్లలో రిజిస్టరైన కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం, అంటే రైల్ నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే, ఈసీఎం నడిపే పద్ధతి) లారీలు, అంతకుముందు బీఎస్‌-3లోనే కామన్ రైల్‌తో వచ్చిన కొన్ని మోడళ్లు ఇప్పుడు ఈ వయసుకు చేరాయి. ఇన్‌లైన్ పంపు (పాతకాలం మెకానికల్ డీజిల్ పంపు) ఉన్న పాత బండ్లకు ఈ బెడద లేదు. బీఎస్‌-4లోనూ అశోక్ లేలాండ్ చాలా మోడళ్లకు ఇన్‌లైన్ పంపునే ఉంచి ఐఈజీఆర్ పద్ధతి (కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకే పంపి కాలుష్యం తగ్గించేది) పెట్టింది. అవీ ఈ లెక్కలోకి రావు. బీఎస్‌-6లో సెన్సర్లు, సాఫ్ట్‌వేర్ తాళాలు మరీ ఎక్కువ. కింద చెప్పే పరీక్షలు వాటికీ పనికొస్తాయి గానీ, ఎంపిక సలహా అలాగే వర్తించదు.

## తీర్పుకు ముందు పరీక్షలు

ఒక మంచి ఆటో ఎలక్ట్రీషియన్, ఒక మల్టీమీటర్, ఒక 24 వోల్టుల 21 వాట్ల బల్బు. సగం పని వీటితోనే అయిపోతుంది. ఇంకొక మాట: పరీక్షకు విడిగా కూలి మాట్లాడుకోండి. బాక్సు అమ్మితేనో, బాగుచేస్తేనో తప్ప డబ్బు రాని మనిషి ‘బాక్సు బాగుంది, ఎర్త్ తీగ పోయింది’ అని చెప్పాలంటే చాలా పెద్ద మనసు ఉండాలి.

బ్యాటరీలు. లారీకి రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటాయి. బండి ఆగి ఉన్నప్పుడు రెండూ కలిపి 25 వోల్టులకు పైగా చూపాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు దాదాపు 19 కంటే కిందికి జారితే ఈసీఎం మధ్యలోనే ఆరిపోయి మళ్లీ మేలుకుంటుంది. అప్పుడు ఇంజన్ స్టార్ట్ కాదు, స్కానర్ కూడా మధ్యలో తెగిపోతుంది. చూసేవారికి అది చచ్చిన బాక్సులాగే కనిపిస్తుంది. పాటల పెట్టెకు, ఫోను ఛార్జింగుకు ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టుల లైను లాగడం మన డ్రైవర్లకు అలవాటు. దానివల్ల ఒక బ్యాటరీ ఎప్పుడూ అరకొర ఛార్జింగుతో, రెండోది మితిమీరిన ఛార్జింగుతో నడుస్తాయి. రెండింటినీ విడివిడిగా కొలవండి. ఇంజన్ నడుస్తున్న బండికి (అది స్టార్ట్ అయ్యే స్థితిలో ఉంటే) ఆల్టర్నేటర్ 27.5 నుంచి 28.5 వోల్టుల దాకా ఇవ్వాలి. 30 దాటుతోందంటే రెగ్యులేటర్ పోయినట్టే. ఈసారి వేసే బాక్సునూ అదే చంపుతుంది.

ఎర్త్. కృష్ణా, గోదావరి జిల్లాల లారీలకు ఇది ప్రత్యేకంగా చూడాలి. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఐసు పెట్టెల్లో చేపలు వేసుకుని బెంగాల్, అస్సాం దాకా వెళ్లే బండ్ల చాసిస్ మీద నీళ్లు దారి పొడవునా కారుతూనే ఉంటాయి. ఎర్త్ తీగ బిగించిన చోట పైకి అంతా బాగానే ఉంటుంది, బోల్టు విప్పితే లగ్గు కింద తుప్పు పొడి రాలుతుంది. మీటరుతో ఊరికే కంటిన్యుటీ చూస్తే ‘బీప్’ అంటుంది, ఎందుకంటే ఒక్క పోగు మిగిలినా మీటరుకు చాలు. చేయాల్సింది వేరు: మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొనను ఈసీఎం ఎర్త్ పిన్ను మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు కంటే ఎక్కువ చూపితే ఎర్త్ బాగాలేదు.

కప్లర్ దగ్గర బల్బు. బ్యాటరీ స్విచ్ ఆపి ఈసీఎం కప్లర్ (తీగల ప్లగ్గు) ఊడదీయండి. తిరిగి స్విచ్ వేసి, కప్లర్‌లో పవరు వచ్చే పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య బల్బు పెట్టండి. నిండుగా వెలిగితే సరఫరా బాగున్నట్టు. మసకగా వెలిగితే ఫ్యూజు, మెయిన్ రిలే, లేదా మధ్యలో నలిగిన తీగ. కీతో వచ్చే పవరు పిన్నును కూడా కీ ఆన్ చేసి ఇలాగే చూడాలి. పిన్నుల్లో బల్బు తీగను గుచ్చి వెడల్పు చేస్తే ఆ తర్వాత అదే కొత్త జబ్బు అవుతుంది, సన్నటి పిన్నే వాడించండి.

అయిదు వోల్టులు. రైల్ ప్రెజర్ సెన్సర్, బూస్ట్ సెన్సర్, యాక్సిలరేటర్ పెడల్ వంటి వాటికి ఈసీఎం లోపల్నుంచి 5 వోల్టులు పంపుతుంది. కీ ఆన్ చేసి సెన్సర్ కప్లర్‌లో చూస్తే అది రాకపోతే చాలామంది అక్కడితో బాక్సుకు చావు రాసేస్తారు. తొందరపడొద్దు. ఒకే లైను మీద ఉన్న ఒక సెన్సర్ లోపల షార్ట్ అయితే మొత్తం 5 వోల్టులూ కూలిపోతాయి. మీటరును ఒక చోట ఉంచి, సెన్సర్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ పోండి. ఏది తీసినప్పుడు మీటరు ఒక్కసారిగా 5కు ఎగబాకుతుందో అదే దొంగ. దాని ఖరీదు బాక్సు ఖరీదులో ఒక మూలకు కూడా రాదు. అన్నీ ఊడదీసినా, తీగ ఎక్కడా చాసిస్‌కు రాసుకోలేదని తేలినా 5 రాకపోతే, అప్పుడు అనుమానం బాక్సు మీదికి వెళ్లాలి.

స్కానర్ కలవకపోతే. 16 పిన్నుల సాకెట్ ఉన్న బండిలో 16వ పిన్నుకు బ్యాటరీ పవరు, 4, 5 పిన్నులకు ఎర్త్ వస్తున్నాయో లేదో చూడండి. సాకెట్ ఫ్యూజే పోయి ఉండొచ్చు. బ్యాటరీ ఆపి, క్యాన్ తీగలు (ఈసీఎం, స్కానర్ మాట్లాడుకునే జంట తీగలు) రెండింటి మధ్య నిరోధం కొలిస్తే దాదాపు 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది, సున్నాకు దగ్గరగా వస్తే తీగలు రెండూ ఎక్కడో కలిశాయి.

ఆర్పీఎం, రైల్ ప్రెజర్. స్కానర్ కలిసే బండికి ఇది అన్నిటికంటే తేలిక. సెల్ఫ్ కొడుతుండగా ఆర్పీఎం సున్నా చూపితే అనుమానం ఇంజన్ తిరుగుడును కొలిచే క్రాంక్ సెన్సర్ మీద. వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక స్టార్ట్ అయ్యే బండికి ఈసీఎం ఎంత కారణం కావచ్చో క్రాంక్ సెన్సర్ కూడా అంతే. ఆర్పీఎం వస్తూ రైలులో ఒత్తిడి సుమారు 200 బార్‌కు చేరకపోతే చాలా ఇంజన్లలో ఈసీఎం ఇంజెక్టర్లను తెరవనే తెరవదు. అప్పుడు చూడాల్సింది డీజిల్ ఫిల్టరు, గాలి చొరబాటు, ఇంజెక్టర్ల నుంచి వెనక్కి వచ్చే డీజిల్ (రిటర్ను).

కోడ్లు. బాక్సు తన లోపాన్ని తానే చెప్పుకొనే కోడ్లు కొన్ని ఉన్నాయి: పీ0601 మెమరీది, పీ0606 ప్రాసెసర్‌ది, కమిన్స్ ఇంజన్లలో 111. ఇవి చెరిపాక కూడా, మంచి బ్యాటరీల మీద, మంచి ఎర్త్ మీద తిరిగి వస్తే బాక్సు అనుమానం బలపడుతుంది. సంబంధం లేని పది కోడ్లు ఒకేసారి వస్తే మాత్రం పవరు, ఎర్త్ దగ్గరికే మళ్లీ వెళ్లాలి.

పరీక్ష పేరుతో ఒక పని అసలు చేయనివ్వొద్దు. పక్క బండి ఈసీఎం తెచ్చి బిగించి చూడడం. మీ బండిలో ఇంజెక్టర్ తీగ షార్ట్ అయి బాక్సును కాల్చి ఉంటే, తెచ్చిన బాక్సు కూడా అక్కడే కాలుతుంది. ఒక బండి ఆగినచోట రెండు ఆగుతాయి.

## ఎంచుకునేటప్పుడు దేన్ని తూచాలి

ధర అందరికీ కనిపిస్తుంది, అందుకే దాన్ని చివరికి వదిలేస్తాను.

మొదటిది డేటా. ఈసీఎం అంటే అల్యూమినియం డబ్బా, బోర్డు మాత్రమే అయితే ఇంత చర్చ అక్కర్లేదు. దాని మెమరీలో మీ ఇంజన్ హార్స్‌పవర్‌కు సరిపడే క్యాలిబ్రేషన్ (డీజిల్ ఎప్పుడు, ఎంత పోయాలో చెప్పే లెక్కల ఫైలు), చాసిస్ నంబరు, తిరిగిన కిలోమీటర్లు, యూరియా వ్యవస్థ (పొగలో యూరియా ద్రావణం చిమ్మి కాలుష్యం తగ్గించేది) లెక్కలు, ఒక్కో ఇంజెక్టర్ కోడు ఉంటాయి. ఇంజెక్టర్ తల మీద మసి తుడిచి చూస్తే అక్షరాలు, అంకెలు కలిసిన చిన్న కోడు చెక్కి ఉంటుంది. ఒకే మోడల్ ఇంజెక్టర్లు రెండు ఒకే సమయంలో ఒకే కొలత డీజిల్ పోయవు. ఆ తేడాను సరిదిద్దేది ఈ కోడు. వేరే బండి కోడ్లతో నడిపితే పక్కవారి కళ్లద్దాలు పెట్టుకున్నట్టే ఉంటుంది: బండి నడుస్తుంది, కానీ ఐడిల్‌లో కుదుపు, పొగ, టకటక శబ్దం వదలవు.

రెండోది ఆగే రోజులు. మీ లెక్క మీరే వేసుకోండి. ఉదాహరణకు కిస్తు నెలకు 45,000 అనుకుంటే రోజుకు 1,500. డ్రైవరు, క్లీనరు బత్తా 1,200, పోయిన కిరాయిలో మిగులు 3,000 అనుకుంటే రోజుకు 5,700. పది రోజులు ఆగితే 57,000. చవకగా దొరికిన బాక్సు పదిహేను రోజులు బండిని నిలబెడితే అది చవక కాదు.

మూడోది ప్రోగ్రామింగ్. బాక్సు ఎవరైనా అమ్ముతారు. అందులో డేటా ఎవరు ఎక్కిస్తారు, ఏ పరికరంతో, ఫైలు ఎక్కడిది అన్నది అడగాలి. నాలుగోది మీ రూటు. నాగపూర్‌లోనో, గువాహటిలోనో మళ్లీ ఆగితే ఆటోనగర్ కుర్రాడి వారంటీ అక్కడ చెల్లదు. ఇక బండికి మిగిలిన ఆయుష్షు. ఎనిమిదేళ్లు నిండిన రవాణా వాహనానికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి; అప్పటిదాకా రెండేళ్లకొకసారే. బండిని ఇంకెన్ని ఫిట్‌నెస్‌ల దాకా ఉంచుకుంటారో తెలిస్తే, ఎంత ఖర్చు పెట్టవచ్చో తెలుస్తుంది.

## సొంత బాక్సును బాగుచేయించడం

డేటా చెక్కుచెదరకుండా ఉండేది ఈ దారిలోనే. ఇంజెక్టర్ కోడ్లు, చాసిస్ నంబరు, కిలోమీటర్లు అన్నీ మీవే. బోర్డు మీద ఎక్కువగా పోయేవి బాగయ్యేవే: కాలిన పవర్ ట్రాన్సిస్టర్, ఇంజెక్టర్లను నడిపే డ్రైవర్ భాగం, ఉబ్బిన కెపాసిటర్, ఏళ్ల తరబడి కుదుపుకు చిట్లిన టంకం. చాలా ఇంజన్లలో ఈసీఎమ్‌ను ఇంజన్‌కే రబ్బరు మౌంటుల మీద బిగిస్తారు. ఆ రబ్బర్లు ఎండి పగిలితే ఇంజన్ వణుకంతా నేరుగా బోర్డుకు చేరుతుంది. మే నెలలో విజయవాడ 45 డిగ్రీలు దాటిన రోజున హైవే మీద ఆగి, సాయంత్రం చల్లబడ్డాక స్టార్ట్ అయిన బండి, క్రాంక్ సెన్సర్ బాగుందని తేలితే, చిట్లిన టంకానికి మంచి ఉదాహరణ.

బాగుకానివి రెండు. ప్రాసెసరే పోతే మానుకోండి. నీళ్లు బోర్డు పొరల మధ్యకు వెళ్లి రాగి పచ్చబారితే కూడా మానుకోండి. ఈరోజు నడుస్తుంది, నాలుగు నెలల తర్వాత ఇంకో చోట తెగుతుంది.

రిపేరు చేసే మనిషిని పని తీరును బట్టి గుర్తించవచ్చు. మూత తీయడానికి ముందే బాక్సును టేబుల్ మీద కలిపి డేటా చదివి దాచుకుంటాడా? పాత తరం బాక్సుల్లో మెమరీ చిప్ విడిగా ఉంటుంది, తీసి చదవడం తేలిక. ఈడీసీ17 (బాష్ కంపెనీ ఈసీఎం) వంటి తర్వాతి తరంలో డేటా ప్రాసెసర్ లోపలే ఉంటుంది, చదవడానికి సరైన పరికరం ఉండాలి. ఏ డేటా దాచుకోకుండా స్క్రూడ్రైవర్‌తో మూత పెకలించే చేతికి బాక్సు ఇవ్వొద్దు. బాగుచేశాక వట్టి ‘స్కానర్ కలిసింది’ అన్న మాటతో సరిపెట్టుకోవద్దు; టేబుల్ మీద ఇంజెక్టర్ల బదులు డమ్మీ లోడు పెట్టి, వేడి చేసి, అరగంటైనా నడిపి చూపించాలి.

మూత తిరిగి అంటించే దగ్గర ఇంకో చిన్న సంగతి ఉంది. కిటికీ అద్దాలకు వాడే మామూలు సిలికాన్ ట్యూబు పిండితే వెనిగర్ వాసన ఘాటుగా వస్తుంది. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది. అది మూసిన డబ్బా లోపల ఉండిపోయి రాగిని తినేస్తుంది. ఎలక్ట్రానిక్స్‌కు వాడే న్యూట్రల్ సిలికాన్ వేరే ఉంటుంది. షాపులో బాక్సు చేతికి తీసుకుని వాసన చూడండి, తప్పులేదు. డబ్బాకు గాలి పీల్చే చిన్న రంధ్రం, దానికి పల్చటి పొర ఉంటే, దాన్ని సిలికాన్‌తో మూసేయలేదని కూడా చూడండి. మూసేస్తే వేడికి, చలికి లోపల ఒత్తిడి మారి కప్లర్ సందుల్లోంచి తేమను లాక్కుంటుంది.

రిపేరుకు ఉన్న బలహీనత వారంటీ. అది రాసిన కాగితం కంటే ఆ మనిషి మాట మీద ఎక్కువ నిలబడి ఉంటుంది. అందుకే విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల తిరిగే బండికి ఇది ఎంత నప్పుతుందో, దేశం అవతలి అంచుకు వెళ్లే బండికి అంత నప్పదు.

## కంపెనీ నుంచి కొత్తది

కొత్త బాక్సు చాలావరకు ఖాళీగా వస్తుంది. అధీకృత వర్క్‌షాపులో మీ చాసిస్ నంబరు కొట్టి, కంపెనీ సర్వర్ నుంచి దానికి తగిన క్యాలిబ్రేషన్ దించి, ఇంజెక్టర్ కోడ్లు ఎక్కిస్తారు. పద్ధతిగా జరిగితే ఇంతకంటే నమ్మకమైన దారి లేదు. ఖర్చు నాలుగు దారుల్లోకీ ఇదే ఎక్కువ, అదీ రిపేరుకు కొన్ని రెట్లు. పాత మోడల్ అయితే స్టాకు లేక ఇండెంటు పెట్టి ఎదురుచూడాల్సి రావచ్చు. డబ్బు కట్టకముందే బాక్సు ఏ డిపోలో ఉందో, ఎన్ని రోజుల్లో వస్తుందో రాతలో అడగండి. ‘రెండు మూడు రోజుల్లో’ అన్న మాటను కిస్తు లెక్కలో పెట్టుకోవద్దు. బండి కదలదు కాబట్టి వర్క్‌షాపు దాకా లాక్కెళ్లే ఖర్చు కూడా కలుపుకోవాలి.

‘ఎలక్ట్రానిక్ సామాన్లు ఒకసారి అమ్మితే వాపసు తీసుకోబడవు’ అన్న బోర్డు మీరు చూసే ఉంటారు. బాక్సు బిగించిన గంటలో కాలిపోతే ‘మీ వైరింగ్ లోపం’ అంటారు, చాలాసార్లు అది నిజం కూడా. పాత బాక్సును చంపిన కారణం దొరకకుండా కొత్తది బిగించనివ్వొద్దని అనడానికి ఇదే కారణం.

## సెకండ్ హ్యాండ్

కటింగ్ బండ్ల సామాను అమ్మే షాపుల్లో బాక్సులు దొరుకుతాయి. డబ్బా మీది పార్టు నంబరు చివరి అంకె దాకా కలవాలి. అది కలిసినా సరిపోదు. ఒకే బాక్సును కంపెనీ 180 హార్స్‌పవర్ బండికీ, 230 హార్స్‌పవర్ బండికీ వేర్వేరు క్యాలిబ్రేషన్లతో వాడి ఉండొచ్చు. ఎక్కువ పవరు ఫైలు మీ ఇంజన్‌కు ఎక్కితే రెండు ట్రిప్పులు బండి గుర్రంలా పరుగెడుతుంది, డ్రైవరు సంతోషిస్తాడు, మూడో ట్రిప్పుకు క్లచ్ వాసన వస్తుంది. కాబట్టి సెకండ్ హ్యాండ్ బాక్సు కొనడమంటే, మీ పాత బాక్సులోని డేటాను మొత్తంగా అందులోకి దించడం (క్లోనింగ్) అని అర్థం. మీ బాక్సు డేటా చదవడానికి వీలుగా ఉంటేనే ఈ దారి తెరుచుకుంటుంది. బిగిస్తే నడుస్తుంది, ప్రోగ్రామింగ్ అక్కర్లేదు అనే అమ్మకందారు దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

విజయవాడలో ఇంకో భయం ఉంది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఎన్నో వాహనాలు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. నీళ్లు తాగిన బండ్ల సామాను ఏదో ఒక దారిలో మార్కెట్‌కు చేరుతుంది. కప్లర్ పిన్నులను టార్చి వేసి చూడండి. మెరుపు పోయి నల్లగానో, పచ్చగానో ఉంటే, మూలల్లో సన్నటి ఒండ్రు గీత ఉంటే, మూత స్క్రూల తలలు గీసుకుపోయి ఉంటే వదిలేయండి.

బాక్సు ఏ బండిదో, ఆ బండి చాసిస్ నంబరు ఏమిటో బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే అది దొంగ సామాను కావచ్చు, కొన్నవారికీ చిక్కే.

## కొరియర్‌లో ఎక్స్ఛేంజి బాక్సు

ఊరవతలి రిపేరు సంస్థలు బాగుచేసిన బాక్సు పంపి మీది తీసుకుంటాయి. సంస్థ మంచిదైతే రిపేరు కంటే వేగం. కానీ మీ బాక్సు చేతులు మారకముందే డేటా కాపీ మీ దగ్గర ఉండాలి. అది లేకుండా పంపితే తిరిగి వెనక్కి రావడానికి దారి ఉండదు.

| | సొంతది రిపేరు | కొత్తది | సెకండ్ హ్యాండ్ | ఎక్స్ఛేంజి |
|---|---|---|---|---|
| ఖర్చు | తక్కువ | అన్నిటికంటే ఎక్కువ | మధ్యస్థం, క్లోనింగ్ కూలి కలిపి | మధ్యస్థం |
| బండి ఆగే కాలం | లోపాన్ని బట్టి, తరచూ తక్కువ | స్టాకు ఉంటే తక్కువ, లేకపోతే చాలా | దొరకడాన్ని బట్టి | కొరియర్ రోజులు |
| డేటా | మీదే ఉంటుంది | కంపెనీ ఎక్కిస్తుంది | మీ బాక్సు నుంచి దించాలి | దించాలి |
| వారంటీ | మనిషిని బట్టి | కాగితం మీద గట్టిది, షరతులు చూడాలి | దాదాపు లేదు | రాతలో ఉంటేనే |
| అసలు ప్రమాదం | అరకొర పని | కారణం దొరకక మళ్లీ కాలడం | వరద సామాను, తప్పు ఫైలు | పాత బాక్సు చేజారడం |

## పంపు మార్పిడి, యూరియా ‘బైపాస్’

కామన్ రైల్ తీసేసి మెకానికల్ పంపు బిగిస్తామనేవారు, యూరియా వ్యవస్థను ఏమార్చే చిన్న డబ్బా పెడతామనేవారు ఉన్నారు. తయారీదారు ఇచ్చిన మౌలిక లక్షణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణతో చేరిన 182ఏ ప్రకారం అలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్లాల్సిన బండికి ఇది తెలిసి తెలిసి పెట్టుకునే తలనొప్పి. రేపు ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ సర్వేయర్ బానెట్ కింద చూసినప్పటి సంగతి వేరే.

## ఎవరికి ఏది

ఒక్క లారీ ఉండి, తానే నడుపుకుంటూ విజయవాడ–హైదరాబాద్ మధ్య తిరిగేవారికి రిపేరే. ఆగిపోయినా 65వ నంబరు హైవే మీద రెండు వైపులా తెలిసిన చేతులు ఉంటాయి. మిగిలిన డబ్బుతో ముందు రెండు బ్యాటరీలు మార్చుకుంటే ఇంకా మంచిది.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డు లోడ్ల మీద ఆధారపడినవారి లెక్క వేరు. ఆ నెలల్లో ఆగిన ఒక్కో రోజుకు ఖరీదు ఎక్కువ. కొత్త బాక్సు స్టాకులో ఉందని రాతలో వస్తే, బండి ఇంకో నాలుగైదేళ్లు ఉంచుకునేదైతే, కొత్తదే వేయించి పాతదాన్ని తీరిగ్గా బాగుచేయించి అటక మీద పెట్టుకోండి. సీజను కాని రోజుల్లో అయితే ఈ తొందర అక్కర్లేదు, రిపేరుతో మొదలుపెట్టండి.

ఒకే మోడల్ లారీలు అయిదారు ఉన్న యజమానికి నేను గట్టిగా చెప్పేది ఒకటే: బండ్లన్నీ బాగున్నప్పుడే ఒక్కో ఈసీఎం డేటా చదివించి దాచుకోండి. పార్టు నంబరు కలిసే సెకండ్ హ్యాండ్ బాక్సు ఒకటి, వరద తాకనిది, స్పేర్‌గా ఉంచుకోండి. ఏ బండిది పోతే ఆ బండి ఫైలు అందులో ఎక్కిస్తే ఒక పూటలో బండి రోడ్డెక్కుతుంది. సెకండ్ హ్యాండ్‌కు నేను ఓటు వేసే సందర్భం ఇది ఒక్కటే.

అస్సాం, బెంగాల్ లైను చేపల బండ్లకు, సరుకు కుళ్లిపోయే భయం ఉంది కాబట్టి, కొత్తది లేదా వారంటీ రాసిచ్చే పేరున్న ఎక్స్ఛేంజి. బండి అమ్మేద్దామనుకునేవారు కొత్త బాక్సు మీద డబ్బు పోయవద్దు. కొనేవారు దానికి అదనంగా రూపాయి కూడా ఇవ్వరు. రిపేరు చేయించి, బిల్లు చూపి అమ్మండి. ఇసుక, కంకర, బూడిద తోలే లోకల్ టిప్పర్లకు కూడా రిపేరే. ఇబ్రహీంపట్నం బూడిద బండ్ల కప్లర్లలో సన్నటి పొడి చేరుతుంది, బాక్సు తిరిగి బిగించే ముందు వాటిని కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగించండి. నీళ్ల జెట్టుతో మాత్రం కాదు.

## బిగించే రోజున

ముందు చంపిన కారణాన్ని తీయండి: రెగ్యులేటర్, షార్ట్ అయిన ఇంజెక్టర్ తీగ, ఎండిన రబ్బరు మౌంట్లు, ఏదైతే అది. చాసిస్ మీద వెల్డింగ్ మిగిలి ఉంటే బాక్సు బిగించకముందే చేయించండి. తర్వాత ఎప్పుడు వెల్డింగ్ చేసినా బ్యాటరీ తీగలు తీసి, ఈసీఎం కప్లర్లు ఊడదీసి, వెల్డింగ్ ఎర్త్ క్లాంపును అతుకు పక్కనే పట్టించాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి ‘ఆల్టర్నేటర్ పనిచేస్తోందా’ అని చూసే పాత పరీక్షను మీ బండి దగ్గరకు రానివ్వకండి. డ్రైవరుకు ఒక అలవాటు నేర్పండి: కీ ఆపిన వెంటనే బ్యాటరీ కటాఫ్ స్విచ్ తిప్పకుండా రెండు మూడు నిమిషాలు ఆగాలి. ఈసీఎం తన లెక్కలను మెమరీలో రాసుకునేది, యూరియా పంపు పైపులను ఖాళీ చేసుకునేది ఆ వ్యవధిలోనే.

బాక్సు ఎక్కాక ఖాళీ బండితో ఒక చుట్టు, లోడుతో ఒక చుట్టు తిప్పించండి. ఆ తర్వాత స్కానర్‌లో ఇంజెక్టర్ కోడ్లను ఇంజెక్టర్ల తలల మీది కోడ్లతో ఒక్కొక్కటిగా పోల్చి, చాసిస్ నంబరు ఆర్సీతో సరిపోయిందో చూడండి. బిల్లు మీద బాక్సు పార్టు నంబరు, సీరియల్ నంబరు, చేసిన పని, వారంటీ నెలలు రాయించండి. డేటా ఫైలును పెన్‌డ్రైవ్‌లో తీసుకుని, ఇంకో కాపీ మీ మెయిల్‌కు పంపుకొని, ఆ తర్వాతే మిగిలిన డబ్బు ఇవ్వండి.